గడపలో పెట్టిన సుత్తి

పున్నయ్యకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఎండ ముదిరినా వచ్చేది, మజ్జిగలో ఉప్పు తగ్గినా వచ్చేది. మాచర్ల దగ్గర నాపరాయి క్వారీలో ఇరవై ఏళ్లుగా సమ్మెట ఎత్తుతున్నాడు. ఎత్తిన ప్రతిసారీ ఎవరినో ఒకరిని తిట్టుకుంటూ ఎత్తేవాడు. తిట్టు లేకుండా కొడితే దెబ్బ సూటిగా పడదని అతని నమ్మకం. యుద్ధాన్ని తిట్టేవాడు. కిరసనాయిలు దొరకనందుకు తిట్టేవాడు. బండలకు సరిపడా వ్యాగన్లు ఇవ్వని రైలువాళ్లను తిట్టేవాడు. 1944 వేసవి వచ్చేసరికి మాత్రం ఆ కోపమంతా తిరిగి తిరిగి ఒకే మనిషి మీద వాలింది. ఆ మనిషి అతని జత, జీవరత్నం.

క్వారీలో ఎవరూ ఒంటరిగా పని చెయ్యరు. ఒకడు చిన్న సుత్తితో బండను తడతాడు, చెవి ఒగ్గి వింటాడు. రాయి ఎక్కడ పొరలుగా విడుతుందో, ఎక్కడ లోపలి పగులును దాచుకుందో ఆ చప్పుడే చెబుతుంది. విన్నవాడు సుద్దతో గీత గీస్తాడు. రెండోవాడు ఆ గీత మీద ఉలి నిలిపి సమ్మెటతో కొడతాడు. వినేవాడు తప్పు వింటే కొట్టేవాడి కాలు పోతుంది. అందుకే అక్కడ జతను పెళ్లి సంబంధమంత జాగ్రత్తగా కుదుర్చుకుంటారు. విడిపోవడానికీ ఒక మర్యాద ఉంది. వద్దనుకున్నవాడు నోటితో చెప్పడు. తన సుత్తిని తెచ్చి రెండోవాడి గడపలో పెట్టి వెళ్లిపోతాడు. ఎందుకని అడగకూడదు. అడిగితే ఇద్దరికీ చిన్నతనం.

పున్నయ్య కొట్టేవాడు, జీవరత్నం వినేవాడు. జీవరత్నం బండ మీదికి వంగితే, జ్వరంతో పడుకున్న బిడ్డ గుండె మీద చెవి ఆన్చిన తండ్రిలా ఉండేవాడు. క్వారీ అంతటా సమ్మెటలు మోగుతున్నా అతని చుట్టూ జానెడు నిశ్శబ్దం ఉండేది. ఆ నిశ్శబ్దంలోకి రాయి వచ్చి మాట్లాడి పోయేది. పదిహేడేళ్లలో అతని గీత తప్పలేదు.

క్రిస్మస్ వెళ్లాక అన్నీ చెడ్డాయి. పిలిస్తే పలకడు. పున్నయ్య చెప్పిన హాస్యానికి నవ్వడు. నవ్వకపోవడం సరే, విన్నట్టు కూడా ఉండడు. సద్దిమూటలో సగం అన్నం కుక్కకు వేసి, మిగతా సగం ముందు పెట్టుకుని అడివి వైపు చూస్తూ కూచుంటాడు. మాఘంలో ఒకసారి గీత తప్పింది. ఎండలు ముదిరాక మళ్లీ తప్పింది. ఈసారి బండ అడ్డంగా పగిలి, చిప్ప ఎగిరి పున్నయ్య కాలి బొటనవేలి గోరు లేచిపోయింది. ఆ మధ్యాహ్నమంతా పున్నయ్య నోరు ఆగలేదు. వినడం చేతకాకపోతే గొర్రెలు కాసుకోమన్నాడు. గొర్రెలు కూడా నీ మాట వినవన్నాడు. జీవరత్నం తన తలగుడ్డ చింపి ఆ వేలికి కట్టు కట్టాడు. ఒక్క మాట తిరిగి అనలేదు. అదే పున్నయ్యకు మరీ మండింది. తిరిగి తిట్టని మనిషిని తిట్టడం గాలిని మోదినట్టే ఉంటుంది, చేతులు నొప్పులు పుడతాయి గాని దేనికీ తగలదు.

తర్వాతి వారం మూడు కోళ్లు వచ్చాయి. జీవరత్నం వాటిని గంప కింద తెచ్చి పున్నయ్య భార్య సారమ్మకిచ్చి, ఇక నువ్వే చూసుకో చెల్లెమ్మా అని వెళ్లిపోయాడట. రెండేళ్ల కిందట కలరాలో పోయిన అతని భార్య కాంతమ్మ పెంచిన జాతి కోళ్లవి. అవి పున్నయ్య మంచమెక్కి రెట్టలు వేశాయి. పైపంచె మీద గుడ్డు పెట్టాయి. వాటి వెనకాలే కాంతమ్మ కుట్టిన బొంత వచ్చింది. ఆ తర్వాత ఆదివారపు చొక్కా బండి తోలే రసూలుకు చేరింది. క్వారీ బండలను స్టేషనుకు చేరవేసే రసూలు ఆ చొక్కా పట్టుకుని, ఇది నాకు పొట్టి, నీ జతకు మతి పోయిందా అని పున్నయ్యనే అడిగాడు. మతి ఉంటే గదా పోవడానికి అని పున్నయ్య జవాబు.

ఆ శనివారం పొద్దున తలుపు తీస్తే గడపలో సుత్తి ఉంది.

చండ్ర కర్ర పిడి. జీవరత్నం అరచేయి ఆని ఆని ఆ కర్ర మధ్యలో సన్నబడి నల్లగా మెరుస్తుంది. పున్నయ్య దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. కాలి వేలు సలిపింది. ఆ సలుపు పాకి పాకి గుండెల దాకా వచ్చింది. రైలుకట్ట అవతల కొత్త క్వారీ తెరిచారని, వినేవాళ్ల కోసం వెతుకుతున్నారని వారం నుంచి చెప్పుకుంటున్నారు. అదీ సంగతి అనుకున్నాడు. పదిహేడేళ్లు కలిసి రాయి కొట్టి, చివరికి ఒక్క గోరు పోయిందని నాలుగు మాటలంటే జత తెంచుకుంటాడా. పైగా గోరు ఎవరిది పోయింది.

అతను పనికి పోలేదు. సుత్తిని ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూచున్నాడు. కోళ్లు అతని చుట్టూ తిరుగుతూ కట్టు కట్టిన వేలిని పురుగనుకుని పొడవబోయాయి. సారమ్మ జొన్నలు చెరుగుతూ, వెళ్లి అడగరాదా అంది. అడగకూడదు అన్నాడు. ఎందుకడగకూడదంది. మర్యాద కాదన్నాడు. సారమ్మ చాటను కింద పెట్టింది.

“కొత్త క్వారీకి పోయేవాడికి కోళ్లేం అడ్డమొచ్చినయ్యి? అక్కడ గుడ్లు తినరా? బొంత ఎందుకిచ్చాడు? చొక్కా ఎందుకిచ్చాడు? ఊళ్లో ఉండే మనిషి ఇట్టా పంచిపెడతాడా?”

పున్నయ్య ఏదో అనబోయాడు. నోట్లో తిట్టు తయారుగానే ఉంది. అది బయటికి రాకముందే, ఎర్రటి ఎండలో ఉన్నట్టుండి నీళ్లు కుమ్మరించినట్టు వీపు జలదరించింది. సుత్తి పట్టుకుని లేచాడు. మర్యాద ఏమైందో అతనికి ఆ తర్వాత కూడా గుర్తు రాలేదు. కుంటుతూ పరిగెత్తాడు.

జీవరత్నం ఇల్లు పేటకు ఆ చివర. తలుపు తీసే ఉంది. లోపల ఇల్లు ఎవరో చుట్టాలు రాబోతున్నట్టు శుభ్రంగా ఉంది. పొయ్యి అలికి ఉంది, కుండలు బోర్లించి ఉన్నాయి. కిటికీలోంచి పడిన ఎండ నేల మీద నలుచదరంగా, ఎవరూ ఎత్తుకుపోని ఒక తెల్లటి బండలా పడి ఉంది. దాని పక్కన జీవరత్నం గోడకు ఆనుకుని కూచున్నాడు.

బతికున్నాడు గదా అని పున్నయ్య ప్రాణం కుదుటపడింది. కుదుటపడగానే కోపం తిరిగొచ్చింది. గుమ్మంలో నిలబడే దులిపేశాడు. సుత్తి గురించి, గోరు గురించి, మంచం మీద రెట్టల గురించి, నాలుగు నెలలుగా మూగనోము పట్టిన మనిషి పక్కన పని చెయ్యడం గురించి. జీవరత్నం తల తిప్పలేదు. కనురెప్ప కూడా కదల్లేదు. పున్నయ్య ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అప్పుడు గమనించాడు. తను నిలబడింది అతనికి ఎడమ పక్క. పనిలోనూ ఎప్పుడూ నిలబడేది ఎడమ పక్కే. చుట్టూ తిరిగి కుడి వైపుకు వచ్చి పేరు పెట్టి పిలిచాడు. జీవరత్నం ఉలిక్కిపడి చూశాడు.

నాలుగు నెలల నుంచి తను తిట్టిన తిట్లన్నీ ఎటు పోయాయో పున్నయ్యకు ఆ క్షణాన తెలిసింది. ఎదురుగా చతికిలబడ్డాడు.

“కొత్త క్వారీకి పోతన్నావా?”

లేదని తల ఊపాడు.

“మరి సుత్తెందుకు పెట్టావు?”

పున్నయ్యకు బండల గురించి తప్ప దేని గురించీ మెల్లగా అడగడం చేతకాదు. చేతనైన పద్ధతిలోనే అడిగాడు.

“రత్నం. చచ్చిపోదామనుకుంటన్నావా?”

ఆ మాట గదిలో పడింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి లేదు. జీవరత్నం అతని మొహంలోకి చూశాడు, క్రిస్మస్ తర్వాత మొదటిసారి.

“ఆఁ” అన్నాడు. “చానా రోజుల్నించి.”

పున్నయ్యకు తిట్టు దొరకలేదు. ఇరవై ఏళ్లలో అలా జరగడం అదే మొదలు. దొరకనందుకు తన మీద తనకే చిరాకు వేసింది. చర్చి అయ్యగారు అయితే బైబిలు వాక్యం చదివేవారు, చదువుకున్నవాడు అయితే మంచి మాట చెప్పేవాడు. తన దగ్గర ఏముంది.

“ఏం చెప్పాలో నాకు తెలవదు” అన్నాడు చివరికి. “నేను పోను మటుకు. ఇక్కడే కూచుంటా.”

కూచున్నాడు. నేల మీది ఎండ బండ గోడ వైపు కొంచెం జరిగింది. అప్పుడు జీవరత్నం మాట్లాడాడు, మధ్యమధ్య ఆగుతూ. క్రిస్మస్ ముందు క్వారీలో మందు పేల్చినప్పుడు ఎడమ చెవి పోయిందట. అప్పట్నించీ అందులో కీచురాళ్లు అరుస్తూనే ఉన్నాయట, నిద్రలో కూడా. కుడి చెవితో నెట్టుకొస్తున్నాడు. చెబితే జత పోతుందని చెప్పలేదు. గీత తప్పింది. గోరు పోయింది, రేపు కాలే పోయేది. ఇంటికొస్తే కాంతమ్మ లేదు. పొద్దున లేవాలంటే ఒంటి మీద బండ పెట్టినట్టుంటుంది. ఇది దీనివల్ల అని ఒక్కటి తీసి చూపించలేనన్నాడు. అన్నీ కలిసి గడ్డకట్టాయన్నాడు. నేను లేకపోతే నీకు మంచి జత దొరుకుద్ది అని కూడా అన్నాడు.

చెవికేనా ఇంతా అనబోయి పున్నయ్య నాలుక కరుచుకున్నాడు. నిజంగానే కరుచుకున్నాడు, రక్తం ఉప్పగా తగిలింది. ఆ నొప్పితోనే మరో ప్రశ్న అడిగాడు. ఇంట్లో అందుకోసం ఏమన్నా పెట్టుకున్నావా అని. జీవరత్నం గడ్డంతో ఒక మూల చూపించాడు. పున్నయ్య దాన్ని కండువాలో చుట్టాడు. ఖాళీ బండితో తిరిగి వస్తున్న రసూలును కేకేసి ఆపి, ఆ మూటను ఎవరికీ దొరకని చోట పారెయ్యమన్నాడు. రసూలు మూట వైపు చూశాడు, లోపల కూచున్న మనిషి వైపు చూశాడు. అందుకుని ఎడ్లను అదిలించాడు. దాన్ని ఎక్కడ పడేశాడో ఆ తర్వాత ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రానికి ఆరోగ్యమ్మను బండెక్కించుకుని వచ్చాడు.

ఆరోగ్యమ్మ అదే పేట మనిషి. మాచర్ల దవాఖానాలో నర్సు. అప్పటికి సంగతి పేటంతా పాకి గది నిండా జనం. పెద్దలొచ్చారు. ఒకాయన ఆయుష్షు దేవుడిచ్చిందన్నాడు. ఒకావిడ, పిల్లా జెల్లా లేనివాడికే ఇంత బాధైతే మా సంగతేందన్నది. ఒకాయన గొంతు తగ్గించి, ఇది నేరం, మునసబుకు చెప్పకపోతే మన మీదికి వస్తుందన్నాడు. పున్నయ్య ఆ చివరాయన్ని రెక్క పట్టుకుని గుమ్మం దాటించాడు. నాలుక వాచి ఉండటం వల్ల ఏం తిట్టాడో ఎవరికీ అర్థం కాలేదు. ఆరోగ్యమ్మ వచ్చి పున్నయ్య, సారమ్మ, రసూలు తప్ప మిగతావాళ్లను కూడా పంపేసింది. జీవరత్నం కుడి పక్కన కూచుని చాలాసేపు అతను చెప్పిందే వింది. తర్వాత ఆ ముగ్గురికీ చెప్పింది. ఇదొక జబ్బు, సిగ్గుపడాల్సింది కాదు. చావాలనే ఆలోచన అలలా లేస్తుంది, పడిపోతుంది. లేచినప్పుడు పక్కన మనిషి ఉండాలి. అందుకని కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దు. తిండి పెట్టండి, నిద్రపోనివ్వండి, నీతులు చెప్పకండి. చెవి గుంటూరులో డాక్టరుకు చూపించాలి. అప్పుడు జీవరత్నం వైపు తిరిగింది.

“అన్నయ్యా, అది మళ్లీ లేస్తే ముందు ఎవరికి చెబుతావు?”

పున్నయ్య గొంతు సవరించుకున్నాడు.

“సారమ్మ చెల్లెమ్మకి” అన్నాడు జీవరత్నం.

“ఆవిడ లేకపోతే?”

“రసూల్ మావకి.”

“ఆయన కూడా లేకపోతే?”

“పున్నయ్యకి” అన్నాడు. “తిడతాడు. అందుకని మూడోవాడు.”

ఆ మూడో స్థానం పున్నయ్య గుండెల్లో ముల్లులా దిగింది. పరిగెత్తుకొచ్చిందెవరు, అడిగిందెవరు, నాలుక కరుచుకుందెవరు. దారి పొడుగునా సారమ్మతో అదే గొడవ. సారమ్మ, ముందు నోరు మార్చుకో, స్థానం అదే మారుద్ది అంది.

జీవరత్నం మంచం పున్నయ్య పంచలోకి వచ్చింది. అక్కడ మొదలైంది అసలు యాతన. పగలు పున్నయ్య, సారమ్మ వంతులు వేసుకున్నారు. బండి లేని రోజుల్లో రసూలు వచ్చి కూచుని, ఎడ్లకు వచ్చే రోగాల గురించి పూటకు పూట చెప్పేవాడు. అయ్యగారు వచ్చి మొదటి రోజు చాలా పెద్ద ప్రార్థన చేశారు. సారమ్మ ఏం చెప్పిందో ఏమో, రెండో రోజు నుంచి ఉత్తగా కూచుని చింతకాయ పచ్చడి బాగుందని వెళ్లేవారు. మందు పేల్చే వైపుకు జీవరత్నాన్ని ఎప్పుడూ పంపొద్దని, చెవి పేరు చెప్పి, క్వారీ మేస్త్రీ పుల్లారావుతో పున్నయ్య గట్టిగా మాట్లాడి వచ్చాడు. జీవరత్నానికి మాత్రం ఈ కాపలా నచ్చలేదు. పెరట్లోకి వెళ్లినా వెనకాలే పున్నయ్య దగ్గు వినపడేది. నన్ను ఖైదీని చేశారన్నాడొకసారి. నువ్వా ఖైదీవి, నేనా అన్నాడు పున్నయ్య. ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. తిప్పుకున్న మొహాలతోనే సంకటి తిన్నారు.

ఒక పూట తేలిగ్గా గడిచేది. మర్నాడు మళ్లీ మొదటికి వచ్చేది. గోడ వైపు తిరిగి పడుకున్న ఆ వీపును చూస్తూ, కనపడని రాతిని కొట్టడం ఎట్లా అని పున్నయ్య విసిగిపోయేవాడు. ఎక్కడ ఉలి పెట్టాలో గీత గీసి చూపించే మనిషే ఆ రాతి లోపల ఉండిపోయాడు. గుంటూరు డాక్టరు ఎడమ చెవి ఇక రాదన్నాడు. కుడి చెవికి భయం లేదు, చప్పుళ్లకు దూరంగా ఉంచమన్నాడు. తిరుగు రైల్లో జీవరత్నం కిటికీ పక్కన కూచుని నరసరావుపేట దాకా ఒక్క మాట మాట్లాడలేదు. నరసరావుపేటలో మాత్రం వేరుశనక్కాయలు కొనమన్నాడు. తనంతట తాను ఏదన్నా అడగడం అదే మొదలు. పున్నయ్య రెండు పొట్లాలు కొని, పుచ్చిపోయాయని వాటిని అమ్మినవాణ్ణి తిట్టాడు.

సుత్తి పున్నయ్య ఇంటి దూలం మీద ఉండిపోయింది. సారమ్మ చింతగింజలు కొట్టుకోవడానికి దించింది. మూడో రోజుకు ఆ సన్నబడిన చండ్ర పిడి పుటుక్కున విరిగింది. ఇంట్లో ఒక యుద్ధం జరిగింది. పున్నయ్య వాగు పక్క తుమ్మకొమ్మ నరికి ఆ పూటే కొత్త పిడి చెక్కి బిగించి, ఎవరూ చూడకుండా దూలం మీద పెట్టేశాడు.

మృగశిర తర్వాత మొదటి వాన పడింది. నాపరాళ్ల మీద పడిన చినుకు ఆవిరై లేస్తుంటే, ఊరంతా కాలిన మట్టి వాసన. ఆ పొద్దున జీవరత్నం మంచం మీద నుంచి లేచి, ఎవరూ చెప్పకుండానే దూలం మీదికి చెయ్యి చాపాడు. సుత్తి చేతిలో ఆడించాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

“ఈ పిడెవరేశారు?”

పున్నయ్య పళ్లు తోముకుంటున్నాడు. తుమ్మపుల్ల నోట్లోనే ఆగిపోయింది.

“పచ్చి కర్రతో ఎవడన్నా పిడి ఏస్తాడంట్రా? ఎండితే వదులై తల ఊడి మొహాన పడుద్ది. ఇరవై ఏళ్లు క్వారీలో ఏం చేశావు నువ్వు? ఇది సుత్తా, పప్పు గుత్తా? పట్టుకుంటే చేతికి ఎక్కడన్నా ఆనుతుందా?”

అతను ఆగలేదు. చెక్కిన తీరును తిట్టాడు, బిగించిన తీరును తిట్టాడు. అడక్కుండా మనిషి వస్తువు ముట్టుకునే బుద్ధిని తిట్టాడు. ఆ గొంతు ఎన్నాళ్లో మూసిన తలుపులా కిర్రుమంటూ తెరుచుకుంది. పున్నయ్యకు ఒళ్లు మండిపోయింది. విరగ్గొట్టింది సారమ్మ, చెక్కింది తను, మాటలు పడేదీ తనేనా. తగిన జవాబు నాలుక చివర ఉంది. పంచ స్తంభం పక్క నుంచి సారమ్మ అతని వైపు ఒక చూపు చూసింది. జవాబు మింగాడు. తుమ్మపుల్ల రసంతో కలిపి మింగడం వల్ల చాలా చేదుగా ఉంది. అలాగే నిలబడి, అవతలివాడు తిట్టిందంతా మొదటి నుంచి చివరి దాకా విన్నాడు.

క్వారీలో ఇప్పుడు జీవరత్నం వేరే రకంగా వినడం మొదలుపెట్టాడు. కుడి చెవి బండకు ఆన్చి, ఎడమ చెయ్యి వెడల్పుగా రాతి మీద పరిచి, తట్టిన దెబ్బ అరచేతిలోకి ఎలా వస్తుందో చూసేవాడు. మునుపటంత సూటి గీతలు కావవి. నెలకొక బండ చెడేది. పుల్లారావు సణిగేవాడు. పున్నయ్య కాళ్లు దూరంగా పెట్టి కొట్టేవాడు, సణిగేవాళ్ల కోసం ఒక తిట్టు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునేవాడు.

శ్రావణంలో ఒక రోజు, ఇద్దరూ మంచి బండ మీద ఉన్నారు. సగం దాకా గీత వచ్చింది. జీవరత్నం సుద్ద ఆపేశాడు. చెయ్యి రాతి మీదే ఉంది.

“పున్నయ్యా” అన్నాడు. “ఇయ్యాల బాగాలేదు. అది మళ్లీ లేచింది.”

పున్నయ్య ఎత్తిన సమ్మెట మెల్లగా దించాడు. భయాన్ని దాచుకోవడానికి అతనికి ఒక్కటే దారి తెలుసు.

“నేను మూడోవాణ్ణి గదా.”

“చెల్లెమ్మ ఇంటి కాడుంది. మావ స్టేషనుకు పోయాడు” అన్నాడు జీవరత్నం. “ఉన్నది నువ్వే.”

ఎంత గొప్ప గౌరవం ఇచ్చావురా అని గొణుక్కుంటూ పున్నయ్య అతని కుడి పక్కకు వచ్చి కూచున్నాడు. మజ్జిగ ముంత ఇద్దరి మధ్య పెట్టాడు. సాయంత్రం ఆరోగ్యమ్మ దగ్గరికి పోదామన్నాడు. అప్పటిదాకా ఇక్కడ్నించి లేచేది లేదన్నాడు. జీవరత్నం సరేనని తల ఊపాడు. మబ్బు నీడ ఒకటి క్వారీ గోడల మీదుగా జారుతూ, వాళ్ల సగం గీసిన బండ మీదికి వచ్చి ఆగింది. పని ఆగిపోయిందేమని పుల్లారావు పైగట్టు మీద నుంచి కేకలు పెట్టాడు. ఆ బండ ఈ రోజే రసూలు బండి ఎక్కాలన్నాడు. పున్నయ్య తల ఎత్తి, చేతులు నోటి చుట్టూ పట్టుకుని, తన జీవితంలో పొదుపు చేసుకున్న తిట్లన్నీ ఆ గట్టు వైపు వదిలాడు.

“కొంచెం మెల్లగా” అన్నాడు జీవరత్నం. “ఈ చెవన్నా ఉండనియ్యి.”